తొమ్మిది ఓట్లు మల్ల లెక్కవెట్టిన నాడు

“అమ్మమ్మా, గీ ఫోటోల నీ పక్కన కుర్చీల కూసున్న తెల్లాయన ఎవలు?”

ఏది, ఇటు తే. జర దగ్గరికి పట్టు. కండ్లద్దాలు లేకుంటె నాకు తెల్లాయనైనా ఒకటే, మన గల్లీల కిరాణం సేటైనా ఒకటే. ఆఁ... గీయనా. గీయన వాల్టర్. అమెరికాల మన మాధవి వాళ్ల పక్కింటాయన. గీడ సగమే పడ్డ ఆమె ఉన్నది సూడు, ఎర్ర స్వెట్టర్, ఆమె డోనా. ఆమెది అవుతలి పక్కిల్లు. మాధవిది నడుమిల్లు. ఆ నడుమింట్ల నేను ఆరు నెలలు ఉన్న.

రికార్డు పెట్టినవా నవ్యా? పెట్టు, పెట్టు. ముప్పై మూడేండ్లు బడిల మొత్తుకున్న గొంతు ఇది, నీ ఫోనుకు భయపడతదా.

ఎట్ల పోయిన్నంటె... మాధవి నా తమ్ముని బిడ్డ, నీకెర్కే. దాని కాన్పుకు వాళ్లమ్మ పోవాలె. ఆమెకేమో గప్పుడే మోకాలు చిప్ప మార్చిన్రు, డాక్టరు విమానం ఎక్కొద్దన్నడు. “అత్తమ్మా, నువ్వన్న రా” అని ఫోన్ల ఏడ్సింది పిల్ల. నాకు డెబ్బై రెండు నిండినయి, పాస్‌పోర్టు లేదు, మీ తాత పోయి గప్పటికి మూడేండ్లు. ఒక్కదాన్ని గీ ఇంట్ల కూసొని టీవీల లొల్లి సూసుడే గద, పోయొద్దామనుకున్న. వినాయకుని పండుగ అయినంక ఎల్లిన. ఒహాయో అంటరు ఆ రాష్ట్రాన్ని. ఊరు చిన్నదే. మన మిరుదొడ్డి కంటె జర పెద్దగ ఉంటదేమో. చుట్టూత మక్కచేన్లు. నేను అమెరికా అంటె అంత ఎత్తు మేడలనుకున్న. పోయి సూస్తె మక్కచేను. పానం నిమ్మలమైంది.

నేను పోయిన పది దినాలకే ఆడపిల్ల పుట్టింది. పొద్దుగాల మాధవి మొగడు శ్రీకాంత్ డ్యూటీకి పోతడు. నేను బాలింతకు తానం పోసి, పోరికి నూనె రాసి, పది గొట్టంగ పిల్లను బండిల పండవెట్టుకొని ఆ వాడల తిరుగుతుంటి. గట్ల తిరుగుతుంటె సూసిన. వాల్టర్ ఇంటి ముంగట గడ్డిల ఒక ఎర్ర బోర్డు, ఒక లీడర్ పేరుతోని. డోనా ఇంటి ముంగట నీలం బోర్డు, ఇంకో లీడర్ పేరుతోని. మనకాడ గోడల మీద రాసినట్టు వాళ్లు గడ్డిల గుచ్చుకుంటరు. ఆ ఏడు అక్కడ పెద్ద ఓట్లు. టీవీ పెడితె ఒకటే కొట్లాట. నాకు ఇంగ్లీషు గవర్నమెంటు బడి ఇంగ్లీషు, పేపరైతె కూడబలుక్కొని సదువుత, మాట సగం అర్థమయితది, సగం మాధవి చెప్పాలె. గని కొట్లాటకు భాష ఎందుకు, మొకాలు సూస్తె ఎర్కయితది.

డోనా మంచి మాటకారి. బడి బస్సు నడిపిందట ముప్పై ఏండ్లు. ఆడామె అంత పెద్ద బస్సు. అందర్ని “హనీ” అంటది. హనీ అంటె తేనె గద, నన్ను కూడ తేనె అంటది. డెబ్బై రెండేండ్లకు తేనె నయిన. వాల్టరేమో మాట తక్కువ మనిషి. చేతుల ఎప్పుడు ఏదో ఒక పాన. ట్రాక్టర్ల రిపేరు చేస్తుండేనట. నన్ను సూస్తె టోపీ ఎత్తుతడు, గంతే.

బతుకమ్మ పండుగొచ్చింది. గునుగు లేదు, తంగేడు లేదు, ఏం పేర్సాలె. డోనాను అడిగితె వాళ్ల దొడ్లె బంతిపూల లాంటివి ఒక బకీటు నిండ తెచ్చింది. తెల్లారి వాల్టర్ తలుపు కొట్టిండు. చేతుల ఇంతింత పెద్ద పూలు, ఎర్రటియి, ఊదటియి. “నా భార్య పెట్టిన చెట్లు ఇవి. ఐరీన్ ఉంటె తనే తెస్తుండె” అన్నడు. మాధవి లోపటికి రమ్మన్నది. ఆయన లోపటికి సూసిండు. సోఫల డోనా కూసున్నది. ఆమె ఇటు తిరిగింది, ఆయన అటు తిరిగిండు. “పనున్నది” అని పూలు నా చేతుల పెట్టి ఎల్లిపోయిండు.  డోనా ఆ పూల దిక్కు సూస్కుంట శానసేపు కూసున్నది.

గప్పుడు మాధవి చెప్పింది నాకు అసలు ముచ్చట. ఆ రెండిండ్లోళ్లు పాతికేండ్లు ఒక్క కంచంల తిన్నట్టు ఉన్నరట. ఐరీన్, డోనా ప్రాణ స్నేహితులు. డోనా ఏం చేస్తదంటె, ఓట్లు వచ్చినప్పుడల్ల పోలింగ్ బూతుల పనికి పోతది. మనకాడ టీచర్లను పంపినట్టు కాదు, ఆడ ఊరోళ్లే పేరు రాయించుకొని పోతరు. ఆ ముందటి పెద్ద ఓట్లప్పుడు వాల్టర్ పార్టీ ఓడిపోయింది. ఓట్లు దొంగతనం అయినయని ఆయన గట్టిగ నమ్మిండు. ఒకనాడు ఇంటి ముంగట నిలవడి డోనాతోని అన్నడట, “బూతుల కూసున్నోళ్లు ఏం చేసిన్రో మీకే ఎర్క” అని. డోనా అన్నది, “మీరు అంటె ఎవలు వాల్టర్? నేనా?” అని. ఆయన కాదనలేదు. గంతే. ఆనాటి నుంచి మాట బందు.

ఆయన తప్పే అనుకున్న నేను. మనం ఊరికెనె ఒక దిక్కు జరుగుతం గద. గని ఆయనకు కూడ ఒక కథ ఉండె. ఆ పెద్ద రోగం, కరోనా, వచ్చిన ఏడు, గా ఓట్ల దినాలల్లనే ఐరీన్ దవాఖానల పడ్డది. లోపటికి రానియ్యలేదు. డోనాతోని మాట బందైన కొన్ని దినాలకే, ఆఖరి సూపు ఫోన్ల సూసిండు. నలభై ఏండ్లు కాపురం చేసిన పెండ్లాన్ని ఇంతంత అద్దంల. ఒక వారం టీవీల ఒకటి చెప్తిరి, ఇంకో వారం ఇంకొకటి చెప్తిరి. ఇగ ఎవలేం చెప్పినా ఆయన మనుసుకు ఎక్కకుంట అయింది. సర్కారు చెప్పినా, డాక్టరు చెప్పినా, పేపరోళ్లు చెప్పినా. ఆయన కోపం ఓట్ల మీద కాదని నాకు అనిపించింది బిడ్డా. ఓట్లు చేతికి అందినయి, గంతే.

సరే, ఇగ బడి ముచ్చట.

ఆ ఊరి బడికి పైసలు తక్కువ పడ్డయి. ఆడ బడికి కావాల్సిన పైసలు ఊరోళ్ల ఇంటి పన్ను మీద వస్తయి. పన్ను పెంచాల్నంటె ఊరోళ్లనే అడగాలె, ఓటు పెట్టి. పెంచకుంటె బడి బస్సులు సగం బందు చేస్తమన్నరు. మక్కచేన్ల కాడ దూరం దూరం ఉన్న పిల్లలు ఎట్ల రావాలె? ఇటు దిక్కు, పింఛన్ మీద బతికే ముసలోళ్లు ఎక్కువ పన్ను ఎట్ల కట్టాలె? రెండు దిక్కుల న్యాయమే ఉన్నది. నాకైతె ఎటు చెప్పాల్నో తోచలే.

దాని మీద మీటింగ్ పెట్టిన్రు, బడిల బంతాట ఆడే పెద్ద హాలుల. శ్రీకాంత్ తోలుకపోయిండు నన్ను. ఎవలన్న లేచి మైకుల మాట్లాడచ్చు, మూడు నిమిషాలు. గంట కొడితె ఆపాలె. నాకు గది మస్తు నచ్చింది. మన లీడర్లకు కూడ గంట పెట్టాలె. వాల్టర్ లేచిండు. “నేను బడికి అడ్డం కాదు. నా పిల్లలు గీడనే సదువుకున్నరు. గని పోయినసారి పైసలు అడిగినప్పుడు పైకప్పు అన్నరు. పైకప్పు ఇప్పటికీ కురుస్తుంది. మీ మాట నేనెట్ల నమ్మాలె?” అన్నడు. సగం మంది సప్పట్లు, సగం మంది ఊఁ అని ఎక్కిరించుడు. ఇగ డోనా లేచింది. “తొమ్మిది మైళ్ల అవుతల ఒక ఇల్లున్నది. ఆడ ముగ్గురు పిల్లలు. వాళ్ల అమ్మ రాత్రి డ్యూటీ చేసి వస్తది. బస్సు లేకుంటె ఆ పిల్లలు బడికి రారు. నాకు ఎర్క, ఆ పిల్లలను ఎక్కించుకున్నది నేనే” అన్నది. ఈసారి అవుతలి సగం ఎక్కిరించిన్రు. ఎవడో ఎనుక నుంచి దొంగ అన్నడు. ఆమె మొకం తెల్లగ పాలిపోయింది. వాల్టర్ తల దించుకున్నడు. అన్నది ఆయన కాదు. గని ఆ మాట మొదలు పెట్టింది ఆయనే గద, తాకింది.

ఓట్లయినయి. పెద్ద ఓట్లల్ల ఎవలు గెలిచిన్రో అది దునియాకెర్క, నేను చెప్పేదేముంది. మా వాడల మాత్రం బడి పన్ను గురించే ముచ్చట. అది గెలిచింది. ఎన్ని ఓట్లతోని? తొమ్మిది. ఊరి మీద తొమ్మిది. ఇగ సూడు లొల్లి. వాల్టర్ దోస్తులు, రోజు పొద్దుగాల ఒక హోటల్ల కాఫీ తాగేటోళ్లు అయిదుగురు, వాళ్లు లెక్క తప్పు అంటరు. తక్కువ ఓట్లతోని గెలిస్తె ఆడ కానూనే ఉన్నదట, మల్ల లెక్కవెట్టాలె, మనుషులు చేతులతోని. ఒక్కొక్క బల్ల కాడ ఇద్దరు కూసోవాలె, ఈ పార్టీ ఒకలు, ఆ పార్టీ ఒకలు. ఒకలు సదివితె ఇంకొకలు సూడాలె. డోనా పేరు ముందే ఉన్నది. వాల్టర్ పార్టీ దిక్కునుంచి ఒక మనిషి తక్కువ పడ్డడు.

ఒకనాడు డోనా మా వంటింట్ల కూసున్నది, నేను సర్వపిండి చేస్తున్న. సర్వపిండి ఆమెకు మస్తు ఇష్టమైంది, కారం తోని కండ్లల్ల నీళ్లు పెట్టుకుంట తింటది. “తేనే, నేను గీసారి పోను. నలభై ఏండ్లు గీ ఊళ్ళె బతికి దొంగ అనిపించుకుంట పోవాల్నా” అన్నది. మాధవి చెప్తుంటె వింటున్న నేను. గప్పుడు నాకు పోశయ్య యాదికొచ్చిండు. ఆమెకు చెప్పిన. నేను మన మాటలు చెప్తుంటి, మాధవి ఇంగ్లీషు చేస్తుండె.

పోశయ్య ఎవలంటె... నీకెప్పుడు చెప్పలేదా? నేను కొత్తగ నౌకరీల చేరినప్పుడు మిరుదొడ్డి దిక్కు ఒక ఊళ్ళె ఓట్ల డ్యూటీ పడ్డది. గప్పుడు మిషన్లు ఏడియి, ఇనుప డబ్బాలు, కాయితాలు, లక్క సీలు. బస్సు టికెట్ రూపాయి పావలనో ఏమో, దిగి మల్ల నాలుగు మైళ్లు ఎడ్లబండి మీద. పొద్దుగాల తలుపు తీసిన్నో లేదో ఒక ముసలాయన దర్వాజల నిలవడ్డడు. “టీచరమ్మా, మేం గుద్దిన కాయితాలు మీరు పొయ్యేతొవ్వల మారుస్తరు. నాకెర్కే” అన్నడు. నాకు ఇరవై ఆరేండ్లు. కండ్లల్ల నీళ్లొచ్చినయి. పెద్దాఫీసరు పోలీసును పిలుస్తనన్నడు. వద్దు సారూ అన్న. ఆ ముసలాయన పార్టీ ఏజెంటు రాలేదు ఆనాడు, జరమొచ్చిందట. పార్టీ వాళ్లతోని కాయితం రాయించుకొని పోశయ్యనే ఏజెంటుగ కూసోవెట్టిన్రు. పొద్దుందాక కూసున్నడు. మంచినీళ్లకు కూడ లేవలే. డబ్బాకు సీలు ఏసేటప్పుడు కాయితం మీద ఆయన ఏలుముద్ర పెట్టిచ్చినం. ఆయన ఆ ఏలు దిక్కు సూసుకున్నడు, డబ్బ దిక్కు సూసిండు. మేం పోతుంటె ఉరికొచ్చి ఒక గుడ్డల జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం కట్టి ఇచ్చిండు. తెలంగాణల మాఫీ అడుగుడు గట్లనే ఉంటది గద.

అనుమానం ఉన్నోన్ని బయట నిలవెడితె అనుమానం పెరుగుతది బిడ్డా. లోపట కూసోవెడితె పనిల పడతడు. గంత పెద్ద మాట నేను డోనాకు చెప్పలే, రొట్టె ముచ్చట కాడనే ఆపిన. ఆమె నవ్వింది. సర్వపిండి ఇంకొక ముక్క తిన్నది. లేచి చేతులు కడుక్కున్నది. ఎటు పోతున్నవని మాధవి అడిగితె, “వాల్టర్ ఇంటికి” అన్నది.

నా మాట ఇనే పోయిందని నేననను. ఆమె మనుసుల ముందే ఉండచ్చు. పిల్లనెత్తుకొని కిటికి కాడ నిలవడ్డం నేను, మాధవి. డోనా తలుపు కొట్టింది. తెరువలే. మల్ల కొట్టింది. ఆయన తెరిసిండు గని లోపటికి తొవ్వ ఇయ్యలేదు. డోనా తర్వాత చెప్పింది నాకు, ఏమన్నదో. “నేను లెక్కవెట్టనీకి పోతున్న. నా ఎదురుంగ కూసొనేటందుకు మీ పార్టీ మనిషి కావాలె. నేను దొంగనైతె నువ్వే పట్టుకోవాలె వాల్టర్. వేరేటోళ్లకు నా చేతులు తెల్వయి” అన్నదట. ఆయన తలుపు పెట్టుకున్నడు. డోనా ఇంటికి పోయింది, గా దినం మల్ల బయటికి రాలే.

లెక్కవెట్టే నాడు నేను గూడ పోత అన్న. ఎవలన్న పోయి కూసొని సూడచ్చు, తాడు అడ్డం కట్టి కుర్చీలేసిన్రు. పొద్దుగాల తొమ్మిది. బయట మంచు అప్పుడప్పుడే రాలుతుంది. శ్రీకాంత్ నన్ను దించి డ్యూటీకి పోయిండు. ఆఫీసుల ఓట్లు పెట్టిన ఒక అర్ర ఉన్నది. ఆ అర్ర తలుపుకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఈ పార్టీ మనిషి కాడ, ఇంకోటి ఆ పార్టీ మనిషి కాడ. ఇద్దరూ వస్తెనే తలుపు తెరుసుకుంటది. నేను మనుసుల అనుకున్న, గీళ్లు ఒకల్నొకలు నమ్ముతలేరు గని, నమ్మకున్నా పనెట్ల చెయ్యాల్నో పెద్దోళ్లు ఆలోచించి పోయిన్రు అని.

డోనా బల్ల కాడ కూసున్నది. ఎదురుంగ కుర్చీ ఖాళీ. తొమ్మిదింపావు అయింది. ఆఫీసామె గడియారం సూస్తుంది. నేను గడియకోపారి తలుపు దిక్కు సూస్తున్న, నా బడి కాదు, నా ఊరు కాదు, నాకెందుకు చెప్పు. గప్పుడు తలుపు తీసుకొని వచ్చిండు వాల్టర్. టోపీ తీసిండు. ప్రమాణం చేసిండు. ఆ కుర్చీల కూసున్నడు. ఆమె దిక్కు సూడలే. జేబుల నుంచి అద్దాలు తీసి తుడుసుకొని పెట్టుకున్నడు.

ఒక్కొక్క కాయితం. కాయితం మీద కోడిగుడ్డంత... కాదు కాదు, గింజంత గుండ్రాలు ఉంటయి, కావాలె అనే గుండ్రం, వద్దు అనే గుండ్రం. నల్లపెన్నుతోని నింపాలె. డోనా సదువుతది, వాల్టర్ సూస్తడు, గీత గీస్తడు. మల్ల ఆయన సదువుతడు, ఆమె సూస్తది. గంట గడిసింది, రెండు గంటలు గడిసినయి. వేరే మాట లేదు. కావాలె, వద్దు, వద్దు, కావాలె. నాకు బడిల ఎక్కాలు చెప్పినట్టు ఉన్నది, నిద్ర గూడ వచ్చింది జర.

ఒక కాయితం కాడ ఆగిన్రు. ఎవలో గుండ్రం నింపలే. వద్దు అన్న మాట చుట్టూత గీత గీసిన్రు. మిషన్ దాన్ని లెక్కల పట్టలే. వాల్టర్ అద్దాలు పైకి నెట్టి డోనా మొకం సూసిండు. మొదటిసారి సూసుడు. ఆమె బడి దిక్కు మనిషి, ఆ కాయితం పక్కకు పెట్టుమంటె పోతది, పన్నుకు మంచిదే. డోనా నిమ్మలంగ అన్నది, “ఇది వద్దే. వీళ్లకు పన్ను వద్దు. తెల్లగ కనవడుతుంది. రాయి వాల్టర్.” ఆయన పెన్ను తీసుకొని రాసిండు.

అన్నం యాల్లకు ముందు ఇంకోటి వచ్చింది. ఒకలు వద్దు అనే గుండ్రం నింపి, దాన్ని కొట్టేసి, కావాలె నింపి, పక్కన బాణం గుర్తు ఏసిన్రు. చేతు వణికే ముసలోళ్లెవలో. ఈసారి సదివేటాయన వాల్టర్. ఆయనకు పన్ను వద్దు. ఆయన ఎనుక తాడు అవుతల ఆయన కాఫీ దోస్తులు ఇద్దరు కూసున్నరు. వాల్టర్ ఆ కాయితం ఎలుగుకు పట్టి సూసిండు. “కావాలె” అన్నడు. ఎనుక కుర్చీ కిర్రుమన్నది. ఆయన తిరిగి సూడలే. “బాణం పెట్టిన్రు గద. కావాలె అనే చెప్పిన్రు” అన్నడు. డోనా రాసింది.

మూడు గొట్టంగ అయిపోయింది. అన్ని బల్లల మీద అటిటు సూసినంక తొమ్మిది ఏడైంది. గని గెలిచింది గెలిచిందే.

బయట బండ్లు నిలిపే జాగల ఆయన దోస్తులు నిలవడ్డరు, మంచుల. ఏమైంది అన్నరు. వాల్టర్ అన్నడు, “నేనే లెక్కవెట్టిన. మనం ఓడిపోయినం. లెక్క సక్కగనే ఉన్నది.” వాళ్లల్ల పొడుగాయన అన్నడు, “నిన్ను గూడ కొన్నరా?” నాకా మాట మంచిగనే అర్థమైంది, మాధవి చెప్పే పని లేకుంటనే. వాల్టర్ మొకంల నెత్తురు సుక్క లేదు. నాలుగేండ్ల కింద డోనా మొకం గూడ గట్లనే ఉండచ్చు. ఆయన పోయి తన బండిల కూసున్నడు. బండి స్టార్ట్ చెయ్యలే.

డోనా పోయి అవుతలి డోరు తీసి పక్కన కూసున్నది. ఏం మాట్లాడుకున్నరో దేవునికెర్క. నేను మంచుల నిలవడి శ్రీకాంత్ కోసం సూస్తున్న, కాళ్లు గడ్డకట్టినయి. తర్వాత డోనా చెప్పింది ఒక్క ముక్క. “ఐరీన్ పోయినప్పుడు నేను రాలేదు వాల్టర్. నా పంతం నాకుండె” అన్నదట. “నువ్వొస్తె నేను రానియ్యకపోదును” అన్నడట ఆయన. గంతేనట. ఇద్దరు ముసలోళ్లు బండిల కూసొని ఏడ్సుకున్నరు కావచ్చు. నన్ను సూసి అద్దం దించి ఎక్కుమన్నరు. ఎనుక సీట్ల ఎక్కిన. శ్రీకాంత్‌కు రావద్దని ఫోన్ చేసిన, ఇంటిదాక హీటర్ సప్పుడొక్కటే.

లేదు నవ్యా, అందరు ఒక్కటైపోలే. ఆ హోటల్ల ఆయనకు శాన దినాలు జాగ ఇయ్యలే, ఆయన ఒక్కడే ఒక మూలకు కూసొని కాఫీ తాగేది. ఎర్ర బోర్డు ఎర్ర బోర్డే, నీలం బోర్డు నీలం బోర్డే. గని మొన్న మాధవి ఫోన్ల చెప్పింది, బడి మీటింగులకు వాల్టర్ ప్రతిసారి పోతడట, ముంగటి వరుసల కూసొని పైకప్పు ఏమైందని అడుగుతడట. అడగాలె మరి, పన్ను కడుతుండు. ఈ ఎండకాలం పైకప్పు ఏసిన్రట గూడ. కండ్ల ఆపరేషన్ అయింది ఆయనకు, బండి నడుపొద్దన్నరు. ఎవలు తోలుకపోతరు? డోనానే. తొవ్వ పొడుగూత కొట్లాడుకుంట పోతరట. ఆ అయిదుగురిల ఒకాయన, పొడుగాయన కాదు, ఇంకొకాయన, అచ్చేసారి బూతుల పని చేస్తనని పేరు రాయించుకున్నడట. ఒక్కడు. ఒక్కడైనా ఒక్కడే.

నేను ఉగాదికి ముంగట ఒచ్చేసిన. విమానంల నిద్ర పట్టలే. ఎందుకో మల్లేశం యాదికి వస్తుండు. నీకు చిన్నతాత ఉన్నడని ఎర్క గద, నారాయణరావుపేటల, మీ తాత తమ్ముడు. నువ్వు సూసి శాన ఏండ్లయింది. అన్నేండ్లు ఎందుకు రాలేదో నీకెవ్వలు చెప్పలేదు. నేనే రావద్దన్న. నేను గీ ఇంటికి కోడలుగ వచ్చిన్నాడు వాడు మూడో తరగతి, నా కాడనే సదువుకున్నడు. ఎనుకట సర్పంచ్ ఓట్లప్పుడు ఒక పెండ్లిల అన్నం కాడ మాట మాట పెరిగింది. మీరంత పైసలకు అమ్ముడుపోయిన్రు వదినె అన్నడు వాడు. నా గడప తొక్కకు అన్న నేను. వంద మందిల. మీ తాత పోయిన్నాడు వాడు వాకిట్ల నిలవడి ఏడ్సి, లోపటికి రాకుంటనే పోయిండు. నేనన్న మాటకు నిలవడ్డడు వాడు. నేనొక్క మాట రా అంటె అయిపోతుండె. అనలే.

సదువు చెప్పిన టీచర్ని నేను, పోశయ్యను కూసోవెట్టిన్నని ఊరంత చెప్పుకున్న, నా మరిదిని మాత్రం వాకిట్లనే నిలవెట్టిన. విమానంల నాకు ఎక్కిళ్లు పెట్టి ఏడుపొచ్చింది. పక్క సీటు పోరడు నీళ్లు తెప్పిచ్చిండు.

వచ్చిన మూడో దినం బస్సెక్కిన. వాడు బర్రెకు గడ్డి ఏస్తుండు. ముసలోడైండు. నన్ను సూసి గడ్డి కింద పెట్టిండు. “మల్లేశం, నేను తప్పు మాట అన్న” అన్న. వాడు చేతులు దులుపుకున్నడు. “కూసో వదినె. ఛాయ తాగుతవా” అన్నడు. ఛాయ తెచ్చిండు, సక్కర ఎక్కువేసిండు, నాకు షుగర్ వచ్చిందని వానికి తెల్వది గద. తాగిన.

తాగినంక అన్నడు, “ఓట్ల మాట తియ్యద్దు వదినె, మల్ల లొల్లయితది.” “తీస్త” అన్న నేను. “నువ్వు వాళ్లకు ఎందుకు ఏస్తవో చెప్పు, నేను ఇంట. నేను ఎందుకెయ్యనో చెప్త, నువ్వు ఇను.” ఇగ మొదలైంది. రెండు బస్సులు పోయినయి. వాడు మారలే, నేను మారలే. గని వాని చేను కాడికి నీళ్లెందుకు రాలేదో నాకు ఆనాడే ఎర్కయింది, వాడు ఆ పార్టీ దిక్కు ఎందుకు పోయిండో గూడ. అన్నేండ్లు నేను వాన్ని అడగనే లేదు.

ఇగ నీకేం చెప్పాలె బిడ్డా. సల్లగ బతుకు. ఇల్లు కట్టుకో, నౌకరి చెయ్యి, నీ మాట గట్టిగ చెప్పు, ఎవ్వలకు భయపడకు. నీ ఇంటికి నీ మాట కాదనేటోళ్లు గూడ నలుగురు రావాలె, వచ్చినోళ్లు అన్నం తినే పోవాలె. గట్ల బతుకు.

బంద్ చేసినవా? ఇంకా చెయ్యలే? జర ఆగు, గేటు సప్పుడైంది. సూడు పో, మల్లేశమే కావచ్చు, గీ యాల్లకు వస్తనన్నడు... వచ్చుడు వచ్చుడే పేపర్ల ఏదో సదివి లొల్లి పెడతడు, సూడు నువ్వు... కుర్చీ ఇటు జరుపు, వానికి ఫ్యాన్ గాలి తాకాలె...